కొన్న పుస్తకము ఇవ్వగలమా?



పుస్తకము కొనుట అంటే ఏమిటి అని ఎవరైనా అడిగితే నిన్న మొన్నటి వరకు మనము నవ్వి ఊరుకొనేవారము. డబ్బు ఇచ్చాము, పుస్తకము తెచ్చుకొన్నాము, అంతే గదా! ఈ దినములలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట అంత సులభము కాదు. మన పిల్లలలో కొందరి చేతులలో ఈ-రీడర్ అనే పలకవంటి పరికరము కనబడుచున్నది. దుకాణానికి పోనక్కరలేదు, పోస్టుమాను కొరకు ఎదురు చూడనక్కరలేదు. ఆ పలక మీదనే అంగడి తెరచుకొంటుంది. పేరు వెదకి, వెల చూచి, కొనుటకు చూపిన చోట వ్రేలితో తాకితే నిమిషము లోపున పుస్తకమంతా వచ్చి అందులో దిగుతుంది. బ్యాంకు ఖాతాలో నుండి డబ్బు పోతుంది. డబ్బు పోయిన మాట నిజము. దానికి బదులుగా మన చేతికి వచ్చినది ఏమిటి? యంత్రముల సంగతి తెలిసినవారు మాత్రమే ఆలోచింపవలసిన ప్రశ్న ఇది అని కొందరనుకొంటారు. నాకు అట్లు తోచుట లేదు. కొనుట, ఇచ్చుట, ఎరువు ఇచ్చుట, దొంగిలించుట అనే పాత మాటలన్నీ ఇందులో ఉన్నవి.

మొదట దాని మేలు చెప్పుట న్యాయము. ఆంధ్ర దేశము విడిచి రెండు మూడు తరములైన మనవంటి వారికి పుస్తకము ఎప్పుడూ దూరపు వస్తువే. బరంపురములోనో, షోలాపూర్‌లోనో, కోలారు బంగారు గనులలోనో ఉన్నవారికి ఒక పుస్తకము కావలెనంటే విజయవాడ వెళ్లే చుట్టాలకు చీటీ వ్రాసి ఇచ్చేవారము. వారు ఏలూరు రోడ్డు అంగళ్లలో వెదకి, ఉంటే తెచ్చేవారు, లేకపోతే మరొకటేదో తెచ్చేవారు! ఇప్పుడు దూరమన్నది లేదు. కన్ను మసకబారిన పెద్దలకు అక్షరము ఎంత పెద్దది కావలెనంటే అంత పెద్దది చేసుకొనవచ్చును. ఈ పలకలలో చాలావాటి తెర ఫోను తెరవలె కంటిలోనికి వెలుగు చిమ్మదు. దాని వెనుక కంటికి కనబడనంత చిన్న గుళికలలో నల్లని, తెల్లని రేణువులు ఉంటవి. విద్యుత్తు తగిలినప్పుడు అవి పైకి, క్రిందికి కదలి అక్షరములవుతవి. పేజీ తిప్పినప్పుడే కరెంటు ఖర్చు, కనుక ఒకసారి ఛార్జి చేస్తే వారముల తరబడి వస్తుంది. ఎండలో కూర్చొని కాగితము చదివినట్లే చదువుకొనవచ్చును. వందల పుస్తకములున్నా బరువు ఒక్కటే. మోకాళ్ల నొప్పులతో అలమర ఎక్కలేని వారికి ఇది చిన్న ఉపకారము కాదు.

తెలుగు సంగతి మాత్రము వేరుగా చెప్పవలెను. అమెజాన్ కంపెనీ 2012లో మన దేశములో రూపాయలతో ఈ-పుస్తకాల అంగడి తెరచినది. 2016 డిసెంబరులో హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళము అనే అయిదు భాషల పుస్తకములను అందులో చేర్చినది. ఆ అయిదింటిలో తెలుగు లేదు. చెన్నైలో మన పక్కింటి తమిళ కుటుంబానికి దొరికిన సౌకర్యము మన కుటుంబానికి ఆనాడు దొరకలేదన్నమాట. కోట్ల మంది మాట్లాడే భాషకు ఇట్లు ఎందుకు జరిగినదో అడుగవలసినవారు అడిగినారో లేదో! 2010లో మొదలైన కినిగె వంటి తెలుగువారి ప్రయత్నములు ఆ కొరతను కొంత తీర్చినవి. అక్కడ ఒకే పుస్తకానికి కొనుటకు ఒక వెల, కొద్ది దినములు అద్దెకు తీసుకొనుటకు ఇంకొక వెల ఉండేవి. ఈ రెండు వెలల మాట జ్ఞాపకముంచుకొనండి, మరల దానితో పని పడుతుంది.

ఇక కొనుట అనే మాటకు వస్తాను. మన పెద్దలు ఇంటి స్థలము కొన్నప్పటి దస్తావేజు ఎవరి పెట్టెలోనైనా ఉంటే తీసి చదవండి. పాత తెలుగు క్రయ దస్తావేజులలో కొన్నవారు ఆ ఆస్తిని పుత్రపౌత్ర పారంపర్యముగా, దాన విక్రయాది సర్వ హక్కులతో అనుభవించవచ్చునని వ్రాసేవారు. మన దస్తావేజులు ఇప్పుడు కన్నడములోనో, తమిళములోనో, ఒడియాలోనో ఉండవచ్చును, భావము అదే. అందులో మాటల వరుస చూడండి. విక్రయము కంటె ముందు దానము ఉన్నది. వస్తువు నాది అనుటకు మొదటి గురుతు దానిని నేను ఇతరులకు ఇవ్వగలుగుట. అమ్ముకొనుట దాని తరువాతిది. ఆ దస్తావేజు లేఖకుడు తత్త్వశాస్త్రము చదివి వ్రాయలేదు. ఏ వరుసలో నేర్చుకొన్నాడో ఆ వరుసలో వ్రాసినాడు. అయినను ఆ వరుసలో ఒక జ్ఞానమున్నది.

పుస్తకము విషయములో ఈ హక్కు గురించి అమెరికా సుప్రీంకోర్టులో 1908లోనే తీర్పు వచ్చినది. ఒక ప్రచురణ సంస్థ తాను అచ్చువేసిన నవల లోపలి పేజీలో దీని వెల ఒక డాలరు, ఇంతకంటె తక్కువకు అమ్ముటకు ఎవరికీ అనుమతి లేదు, అమ్మితే హక్కు భంగమే అని అచ్చు వేసినది. న్యూయార్కులోని మేసీస్ అనే పెద్ద దుకాణము వారు ఆ పుస్తకములు తెచ్చి 89 సెంట్లకు అమ్మినారు. వ్యాజ్యము నడచినది. ఒకసారి అమ్మిన తరువాత ఆ ప్రతి మీద ప్రచురణకర్త పెత్తనము ఉండదని కోర్టు తేల్చినది. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము కూడ కొత్త ప్రతులను ప్రజలలోనికి తెచ్చే హక్కు రచయితకు ఇచ్చుచు, అప్పటికే చెలామణిలో ఉన్న ప్రతులను ఆ హక్కు నుండి విడిచిపెట్టినది. చెన్నపట్నములో 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్టులో, బెంగుళూరు అవెన్యూ రోడ్డులో, హైదరాబాదు కోఠిలో పాత పుస్తకములు కొని చదువుకొన్న మన విద్యార్థులందరు ఆ విడిచిపెట్టిన హక్కు నీడలోనే చదువుకొన్నారు. ఆ సంగతి వారికి తెలియనక్కరలేకపోయినది.

ఈ-పుస్తకమునకు వచ్చేసరికి ఈ కథ మారినది. కాగితమువంటి తెరతో అమ్మకానికి వచ్చిన మొదటి ఈ-రీడర్ జపానులో 2004లో సోనీ కంపెనీ తెచ్చిన లిబ్రియే. దానికి పుస్తకములను అరువది దినముల గడువుతో ఇచ్చేవారు. గడువు తీరితే పుస్తకము తెరచుకొనదు. జనులకు అది నచ్చలేదు, ఆ పరికరము నిలువలేదు. అయినను నా దృష్టిలో ఆ వ్యాపారములో ఒక నిజాయితీ ఉన్నది. అద్దె అని చెప్పి అద్దెకు ఇచ్చినారు.

2007 నవంబరు 19న అమెజాన్ కంపెనీ కిండిల్ అనే ఈ-రీడర్‌ను అమెరికాలో 399 డాలర్లకు విడుదల చేసినది. సెల్‌ఫోను సంస్థల తీగలేని మార్గము గుండా పుస్తకము నేరుగా అందులోనికి దిగుట ఆనాడు వింతగా ఉండెను. దానికి నెలసరి రుసుము కూడ లేదు. మొదటి దినముననే దాదాపు 90,000 పుస్తకములు అంగడిలో ఉన్నవి. అక్కడ బటన్ మీద ఉన్న మాట మాత్రము కొనుట. అద్దె అని కాదు, అనుమతి అని కాదు. ఎవరూ చదువని పొడుగాటి షరతుల పత్రములో మాత్రము, ఇది అమ్మకము కాదు, చదువుకొనుటకు లైసెన్సు మాత్రమే అని వ్రాసి ఉన్నది. అరచేతంత బటన్ మీద ఒక మాట, ఆవగింజంత అక్షరములలో మరొక మాట.

ఆ రెండు మాటల మధ్య దూరము ఎంతో లోకానికి 2009 జూలైలో తెలిసినది. ఇంగ్లీషు రచయిత జార్జి ఆర్వెల్ వ్రాసిన రెండు నవలలను కొందరు పాఠకులు కిండిల్‌లో కొనుక్కొన్నారు. ఆర్వెల్ మన బీహారులోని మోతీహారిలో 1903లో పుట్టినవాడే, 1950లో మరణించినాడు. కొన్ని దేశములలో ఆయన పుస్తకముల మీద హక్కుల గడువు అప్పటికే తీరినది, అమెరికాలో తీరలేదు. హక్కు లేని ఒక సంస్థ వాటిని ఆ అంగడిలో పెట్టినది. సంగతి తెలిసిన తరువాత అమెజాన్ వారు ఆ పుస్తకములను అంగడిలో నుండి తీసివేయుటతో ఆగలేదు. కొన్నవారి పరికరములలో నుండి కూడ దూరము నుండే చెరిపివేసి, డబ్బు వారి ఖాతాలకు తిరిగి వేసినారు. అట్లు చెరిగిపోయిన వాటిలో ఒకటి '1984' అనే నవల. ప్రభుత్వమునకు నచ్చని పాత కాగితములను గోడలోని రంధ్రములో పడవేసి కాల్చివేసే దేశము కథ అది. ఇంతకంటె విచిత్రమైన పొంతన ఎవరూ కల్పించలేరు.

ఇందులో కంపెనీ పక్షమున కూడ ఒక మాట ఉన్నది, దానిని త్రోసివేయకూడదు. అవి హక్కు లేనివారు అమ్మిన ప్రతులు. దొంగసొత్తు తెలియక కొన్నవాడు సొంతదారునకు తిరిగి ఇవ్వవలసినదే గదా? నిజమే. సంతలో కొన్న ఆవు దొంగిలించినదని తేలితే దానిని అప్పగించవలెను. అయితే అమ్మినవాడే రాత్రివేళ మన దొడ్డిలో దూరి ఆవును విప్పుకొని, గుమ్మము మీద డబ్బు పెట్టి పోతే దానిని న్యాయమని ఎవరంటారు? ఆవు పోయినందుకు కాదు, మన దొడ్డి తాళపుచెవి అతని దగ్గర ఎప్పటినుండో ఉన్నదని అప్పుడు తెలిసినందుకు మన గుండె ఝల్లుమంటుంది. ఆ కంపెనీ అధిపతి జెఫ్ బెజోస్ కొద్ది దినములలోనే బహిరంగముగా క్షమాపణ కోరినాడు. మిషిగన్ రాష్ట్రములోని ఒక పాఠశాల విద్యార్థి వేసవి సెలవులలో పాఠము కొరకు ఆ నవల చదువుచు వ్రాసుకొన్న గుర్తులు, ఏ వాక్యమునకు ఏ గుర్తో తెలియకుండ పోయి నిరుపయోగమైనవి. అతడు తరువాత కోర్టుకు వెళ్లినాడు. ఆ సంవత్సరమే రాజీ కుదిరి కంపెనీ 1,50,000 డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. కొన్ని మినహాయింపులు తప్ప ఇక అట్లు చెరిపివేయబోమని మాట ఇచ్చినది.

మైక్రోసాఫ్ట్ కంపెనీ చేసినది ఇంకొక విధమైనది. 2019లో తన ఈ-పుస్తకాల అంగడిని మూసివేసి, ఆ జూలై నుండి అమ్మిన పుస్తకములేవీ తెరచుకొనవని ముందుగా తెలిపి, అందరికీ పూర్తి డబ్బు తిరిగి ఇచ్చినది. పుస్తకములలో స్వంత గుర్తులు వ్రాసుకొన్నవారికి అదనముగా 25 డాలర్లు కూడ ఇచ్చినది. లెక్క ప్రకారము ఎవరికీ నష్టము లేదు. కాని ఆ 25 డాలర్ల దగ్గర నా ఆలోచన ఆగిపోయినది. ఒకరు పది సంవత్సరములు చదివి అంచులలో వ్రాసుకొన్న మాటలకు, మరొకరు ఒక్క గీత గీసినందుకు ఒకే వెల! అది కంపెనీ పిసినారితనము అనలేము, ఇవ్వకపోయినా వారిని అడిగేవారు లేరు. వెల కట్టగల వస్తువు కాదు గనుక ఏదో ఒక అంకె వేసినారు. తండ్రిగారు పెన్సిలుతో గీతలు గీసి చదివిన పుస్తకము ఇంట ఉన్నవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

అయినను ఇట్లు పుస్తకములు తిరిగి పోవుట అరుదు. నూటికి తొంబది తొమ్మిదిమందికి ఏ పుస్తకమూ పోదు. అందుచేత తీసివేస్తారేమో అనే భయము ఇందులోని అసలు బాధ అని నేననుకొనుట లేదు. అసలు బాధ ప్రతి దినము, ఏ వార్తకూ ఎక్కకుండ జరుగుచున్నది. మనము దానిని ఎవరికీ ఇవ్వలేము.

షోలాపూర్‌లో ఉన్న ఒక అమ్మగారిని తలంచుకొనండి. కుమారుడు బొంబాయి నుండి ఈ-రీడర్ పంపినాడు. ఆమె మంచి పుస్తకము ఒకటి కొనుక్కొని రెండు రాత్రులలో చదివినది. మూడవ దినమున పక్క వీధి వదినగారు వచ్చినప్పుడు, "వదినా, ఇది మీరు తప్పక చదవాలి" అన్నది. పాత దినములలో అయితే ఆ మాటతో పాటే పుస్తకము చేతిలో ఉండేది, వదినగారి చీర కొంగు చాటున ఇంటికి చేరేది. ఇప్పుడు ఆ మాట మాత్రమే చేరుతుంది. వదినగారు చదువవలెనంటే ఆమెకు కూడ పరికరముండవలెను, ఖాతా ఉండవలెను, మరల అదే వెల చెల్లించవలెను. మంచి పుస్తకము చదివినవారికి ముందుగా పుట్టే కోరిక దానిని ఎవరికైనా ఇవ్వవలెనని. ఆ కోరికకు తోవ లేకుండ చేసినవారు మనకు అమ్మినదానిని నేను పుస్తకము అనుటకు కొంచెము సందేహిస్తాను.

పరదేశములో స్థిరపడిన మన సంఘములలో పుస్తకములు ఎట్లు తిరిగినవో పెద్దలకు తెలియును. ఒక ఊరికి ఒక్క ప్రతి వచ్చేది. బదిలీ మీద వెళ్లేవారు ఉన్నవారికి ఇచ్చి వెళ్లేవారు. కీర్తనల పుస్తకము పెండ్లికూతురు పెట్టెలో కొత్త ఊరికి వెళ్లేది. మొదటి పేజీలో పేరు, దాని క్రింద ఇంకొక పేరు, కొన్నిటిలో పుట్టిన తేదీలు, పోయిన తేదీలు. తీసుకొనిపోయి తిరిగి ఇవ్వనివారి మీద విసుక్కొనుట కూడ ఆ జీవితములో భాగమే! లిపి మరచిపోబోయిన పిల్లలు తెలుగు అక్షరములు కూడబలుక్కొన్నది చాలా ఇండ్లలో ఇట్లు చేతులు మారి వచ్చిన పుస్తకములలోనే. ప్రతి ఇల్లు ప్రతి పుస్తకమునూ స్వంతముగా కొనవలసి ఉంటే, గనులలోనూ మిల్లులలోనూ కూలికి వచ్చిన మన తాతల ఇండ్లలో ఎన్ని పుస్తకములు ఉండేవి?

ఇందుకు అవతలివారు చెప్పే జవాబు కూడ బలమైనదే. కాగితపు పుస్తకము మీరు ఇస్తే మీ దగ్గర ఉండదు. అది నలుగుతుంది, చినుగుతుంది. చదువదలచినవారిలో కొందరైనా కొత్తది కొంటారు. ఈ-పుస్తకము నలుగదు, వెయ్యిమందికి ఇచ్చినా ఇచ్చినవానికి ఏమీ తగ్గదు. ఇక కొనేవారు ఎవరు? హాలెండులో టామ్ కాబినెట్ అనే సంస్థ చదివివేసిన ఈ-పుస్తకములను తిరిగి అమ్ముటకు పూనుకొన్నప్పుడు, ఐరోపా యూనియన్ న్యాయస్థానము 2019 డిసెంబరులో ఇదే కారణమును కూడ ఎత్తి చూపి, హక్కుదారుల అనుమతి లేనిదే అది కూడదని తీర్పు ఇచ్చినది. అమెరికాలో నూక్ అనే ఈ-రీడర్ వారు 2009లో ఒక ఉపాయము చేసినారు. ప్రచురణకర్త ఒప్పుకొన్న పుస్తకమును స్నేహితునికి పదునాలుగు దినములు ఎరువు ఇవ్వనిచ్చినారు. ఆ దినములలో ఇచ్చినవారికి అది తెరచుకొనేది కాదు. ఒక పుస్తకమును జీవితకాలములో ఒక్కసారే అట్లు ఇవ్వనిచ్చేవారు. కాగితపు ఎరువుకు వేసిన వేషము అది. నవ్వు వచ్చినా, దానిలో ఒక సత్యమును వారు గ్రహించినారు. ఇచ్చుట అంటే కొంతకాలమైనా మనకు లేకపోవుట.

ఆ సత్యము మన వైపు కూడ తిరిగి చూస్తుంది. వాట్సాప్ గుంపులలో ప్రతి ఉదయము పుస్తకముల ఫైళ్లు వస్తున్నవి. తాళము విరగగొట్టిన ఈ-పుస్తకములు, ఫోనుతో పేజీ పేజీకి ఫోటో తీసి పీడీఎఫ్ చేసిన కొత్త నవలలు. పంపేవారు దానిని పంచుట అంటారు, దాతృత్వమని కూడ అనుకొంటారు. తన దగ్గర ఏమీ తగ్గకుండ ఇచ్చినది దాతృత్వమెట్లు అవుతుంది? తగ్గినది వ్రాసినవాని దగ్గర. ఇచ్చినది ఆయన సొమ్ము. తెలుగులో పుస్తకము వేయుట ఎట్టిదో మనకు తెలియనిది కాదు. చాలామంది రచయితలు స్వంత డబ్బుతో అయిదువందలో వెయ్యో ప్రతులు వేసి, వాటిని మంచము క్రింద పేర్చుకొని, సభ సభకు సంచిలో మోసుకొనిపోతారు. కంపెనీలు మనకు అన్యాయము చేసినవి గనుక మనమూ చేయవచ్చునని కొందరు యువకులు వాదిస్తారు. కంపెనీ చేసిన అన్యాయమునకు ఒంగోలులోనో కాకినాడలోనో ఉన్న రచయిత శిక్ష అనుభవించుట ఏ ధర్మము?

దీనికి ఒక అంచు ఉన్నది, అది కూడ చెప్పవలెను. మన దేశములో రచయిత హక్కు ఆయన మరణించిన తరువాత అరువది సంవత్సరములు ఉంటుంది. ఆ తరువాత ఆ రచన అందరిది. 1915లో గతించిన గురజాడ అప్పారావు గారి రచనలు, 1919లో గతించిన కందుకూరి వీరేశలింగము గారి రచనలు, 1890లో గతించిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఎవరైనా ఎంతమందికైనా ఇవ్వవచ్చును. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొలది పాత తెలుగు పుస్తకములు స్కాను చేసి పెట్టి ఉన్నవి. అమెరికాలో మైకేల్ హార్ట్ అనే ఆయన 1971లో మొదలుపెట్టిన గూటెన్‌బర్గ్ ప్రాజెక్టు హక్కులు తీరిన పుస్తకములను తాళము లేకుండ, వెల లేకుండ అందరికీ ఇచ్చుచున్నది. మన గుంపులలో పంచవలసినవారికి పంచుటకు ఇంత ఉండగా, నిన్న విడుదలైన నవల మీదనే చేయి ఎందుకు పోతుందో!

అమ్మేవారి తట్టు మరల చూస్తే, మాట విషయములో కొంత దిద్దుబాటు జరిగినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ఒక చట్టము చేసినది, అది 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. లైసెన్సు మాత్రమే ఇచ్చుచు ఆ సంగతి స్పష్టముగా చెప్పకుండ కొనుట అనే మాట వాడకూడదని దాని సారాంశము. నెట్టు సంబంధము లేకుండ ఎప్పటికీ దాచుకొనగల ఫైలుగా ఇచ్చేవారికి ఆ నిబంధన లేదు. ఆ తరువాత అమెజాన్ అంగడిలో మీరు కొనుచున్నది లైసెన్సు అని అక్కడి కొనుగోలుదారులకు చెప్పే మాట కనబడినది. అదే సంవత్సరము ఫిబ్రవరి 26న, కొన్న పుస్తకపు ఫైలును కంప్యూటరులోనికి దింపుకొని తీగ ద్వారా కిండిల్‌లోనికి ఎక్కించుకొనే పాత సదుపాయమును ఆ కంపెనీ తీసివేసినది. అంతవరకు జాగ్రత్త గలవారు తమ పుస్తకములను తమ ఇంటి కంప్యూటరులో ఒక ప్రతి దాచుకొనేవారు. మాట నిజమైనది, చేతిలో ఉన్నది తగ్గినది. మాట నిజమైనంత మాత్రమున ఒప్పందము న్యాయమైనదని చెప్పలేము గాని, అబద్ధపు మాట కంటె అది మేలు. కనీసము కొనేవాడు ఆలోచించుకొని చేయి చాపుతాడు.

ఆలోచించుకొంటే ఏమి చేయవలెను? కినిగె వారి రెండు వెలల మాట ఇక్కడ పనికి వస్తుంది. ఒకసారి చదివి విడిచిపెట్టేవి, పరీక్షలకు కావలసినవి, రైలులో ప్రొద్దు పుచ్చుటకు చదివేవి అద్దె వస్తువులే. వాటికి అద్దె వంటి వెల ఉంటే చెల్లించుటలో తప్పు లేదు. కాగితపు పుస్తకమునకు దాదాపు సమానమైన వెల అడిగి అద్దె హక్కు ఇచ్చేవారి దగ్గర మాత్రము నేను వెనుకాడుదును. టోర్ అనే ప్రచురణ సంస్థ 2012లో తన ఈ-పుస్తకములకు తాళము తీసివేసినది. అట్టివారి దగ్గర కొన్నది చేతిలో నిలుస్తుంది, దానిని దుర్వినియోగము చేయకుండుట మన మర్యాద. ఇక మీ మనుమరాలికి ఇవ్వదలచినది, సంఘ గ్రంథాలయములో ఉండవలెనని కోరేది, అంచులలో వ్రాసుకొనబోయేది మాత్రము కాగితము మీదనే కొనండి. పాత అలమరలు అమ్మివేసి అంతా పలకలోనికి మార్చుకొనబోతున్న కుటుంబములు ఒకటి రెండు నాకు తెలుసు. తొందర పడవద్దని వారికి చెప్పినాను. వినేవరకు నమ్మకము లేదు.

ఇంకొక చిన్న సంగతి. ఇంటి పెద్ద మరణిస్తే పలక పిల్లలకు వస్తుంది, ఖాతా రాదు. చాలా కంపెనీల షరతులలో ఆ లైసెన్సు మరొకరికి బదలాయించుటకు వీలు లేదని ఉంటుంది. రహస్యపదము తెలిసిన కుమారుడు తెరచి చదువుకొంటాడు, ఎవరూ అడుగరు. అయినను అది వారసత్వము కాదు, ఎవరూ చూడనంతవరకు సాగే ఏర్పాటు. ఈ-రీడర్ కొనబోయేవారు ఖాతా ఎవరి పేర తెరవవలెనో పెట్టె విప్పక మునుపే ఇంట కూర్చొని మాట్లాడుకొనుట మంచిది.

షోలాపూర్ అమ్మగారికి ఒక తోవ మిగిలి ఉన్నది. పుస్తకమును ఇవ్వలేకపోయినా పలకను ఇవ్వవచ్చును. అమెరికాలో కొన్ని గ్రంథాలయములు మొదట్లో అట్లే చేసినవి, పుస్తకములు నింపిన ఈ-రీడర్‌నే సభ్యులకు ఎరువు ఇచ్చేవారు. మన సంఘములలో ఎవరైనా నలుగురు కలిసి ఒక పరికరము కొని, కొన్న పుస్తకములతో ఇంటింటికి వారము చొప్పున తిప్పవచ్చునేమో, ముందు ఆ కంపెనీ షరతులు చదివి చూచుకొనండి. వదినగారు పలకను కొంగు చాటున పెట్టుకొని వెళ్తుంది. ఆ వారము ఆ అమ్మగారి పుస్తకములన్నీ ఆ ఒక్కదానితో పాటు పక్క వీధిలో ఉంటవి. అద్దాలు పెట్టుకొని ఆమె మరల పాత అలమర తలుపు తీయవలసినదే.